గెలిచిన నాయకుడి ఇంట్లో ఫ్యామిలీ ఫొటో: ముఖాలకు కామెర్లు ఎందుకొస్తాయి?

ఎన్నికల ఓట్ల కౌంటింగ్ రోజు తీసిన గ్రూప్ ఫొటో పాడైందంటే అందరూ ముందు కెమెరానే తిడతారు. అయ్యా, లెన్సు తుడిచారా? పొద్దుట్నుంచీ గులాల్ మధ్య తిరిగిన కెమెరా అది. ఫొటో అంతా పొగ పట్టినట్టు తేలిపోయి ఉంటే ఫోకస్‌ని అనుమానించే ముందు లెన్సు అద్దం చూడండి. గులాల్‌ని ముందు బ్లోయర్‌తో ఊదాలి, ఆ తర్వాతే గుడ్డ. తడిగుడ్డ పెట్టారో, రంగు ముద్దై ఇంకా అంటుకుంటుంది.

వెనక వరుస మసకగా ఉందా? అపర్చర్‌ని, అంటే లెన్సులో వెలుతురొచ్చే రంధ్రాన్ని, ఎఫ్/2.8 దగ్గర బాగా తెరిచే వదిలేసి ఉంటారు. మూడు వరుసలుంటే రంధ్రం చిన్నదయ్యేలా ఎఫ్/8, ఫోకస్ మధ్య వరుసలో ఒకరి కంటి మీద, షటర్ వేగం 1/125 సెకనుకి తగ్గకుండా. చంకల్లో పిల్లలు ఊరికే ఉండరు కదా.

ఇక అసలు తలనొప్పి. ముందు వరుస బాగానే ఉంటుంది, వెనకవాళ్లకు మాత్రం కామెర్లొచ్చినట్టు ముఖాలు. వైట్ బ్యాలెన్స్ (తెలుపుని తెలుపుగా చూపించే కెమెరా సెట్టింగ్) మార్చి వెనకవాళ్లని సరిచేస్తే ముందువాళ్లు నీలంగా మారిపోతారు, మళ్లీ వెనక్కి తిప్పితే మళ్లీ కామెర్లు. ఇలా రెండు వైపులా లాగుతోందంటే తప్పు సెట్టింగ్‌ది కాదు, నెత్తిమీదున్న షామియానాది. పార్టీ రంగు గుడ్డలోంచి దిగే ఎండ ఆ రంగే పులుముకుని దిగుతుంది, అంచున నిలబడ్డవాళ్లకి మాత్రం బయటి వెలుతురు తగులుతుంది. పైగా పెళ్లిళ్ల అలవాటుకొద్దీ ఫ్లాష్ తల పైకి తిప్పేస్తాం. అక్కడున్నది తెల్ల సీలింగ్ కాదు, పసుపో గులాబీయో గుడ్డ, కాబట్టి మన ఫ్లాష్ కూడా ఆ రంగులోనే తిరిగొస్తుంది. తేల్చుకోవడం తేలిక: నాయకుల తెల్ల ఖద్దరు చొక్కాలే మీ టెస్టు. ఫొటో జూమ్ చేసి ముందు వరుసలో ఒక భుజం, వెనక వరుసలో ఒక భుజం చూడండి. తెలుపులో తేడా ఉంటే టెంటే. గడ్డం కింద మాత్రమే రంగుంటే అది మెడలో కండువా నుంచి పడ్డ రంగు.

టెంటు కిందే కూర్చుని దీన్ని సరిచేయలేరు. అందర్నీ బయటికి, ఇంటి నీడ పడే వైపు తెల్లగోడ దగ్గరికి తీసుకురండి, ఫ్లాష్‌ని తెల్ల గొడుగులోంచి నేరుగా కొట్టండి. నాయకుణ్ణి అడిగితే ఫోన్లోంచి తల ఎత్తరు. వాళ్లమ్మగారితో చెప్పించండి, అందరూ లేస్తారు. ‘మేం కదలం’ అంటే మాత్రం అందర్నీ షామియానా అంచుకి జరిపి, ముఖాలు బయటివైపు తిప్పండి. 2023 డిసెంబర్ 3న తెలంగాణ కౌంటింగ్‌లో మధ్యాహ్నం దాటాక ఎండ ఏటవాలుగా లోపలికి వచ్చేది కాబట్టి ఈ చిట్కాతో పని జరిగిపోయేది. 2024 జూన్ 4న ఆంధ్రా కౌంటింగ్‌లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన, అంచుకి జరిపినా సగమే లాభం. కండువా తీయమని మాత్రం అనకండి, తీయరు. మెడ దగ్గర్నుంచి భుజాల పక్కకి సర్దుకోమంటే చాలు.

లెన్సు అమరిక చెడిందనీ, సెన్సర్ పోయిందనీ కొందరు రిపేరు షాపుకి పరిగెడతారు. చాలా అరుదు. అనుమానముంటే వేరే లెన్సు పెట్టి ఒక్క ఫ్రేము తీయండి, తేలిపోతుంది. ఫ్లెక్సీ ప్రింటుకి వెళ్లాక బావమరిది గారు లేరని తెలిస్తే మాత్రం నన్నడక్కండి, తీసే ముందే తలలు లెక్కపెట్టుకోండి.