దూర ప్రయాణానికి ముందు జాక్ కొంటున్నారా?

జాక్ బండిని ఎత్తడానికే, పట్టి ఉంచడానికి కాదు. హైడ్రాలిక్ (నూనె ఒత్తిడితో లేపే) జాక్‌లో సీల్ పోతే చప్పుడు లేకుండా కిందికి జారుతుంది. కారు కింద దూరే పనుంటే లేపిన బండిని మోసి ఉంచే జాక్ స్టాండ్లు కూడా కొనాల్సిందే.

పూర్తిగా దించినప్పుడు జాక్ ఎంత ఎత్తుంటుందో, అంటే కనీస ఎత్తు, చూడండి. పంక్చరైతే బండి ఇంకా కుంగుతుంది. సీసాలా నిటారుగా ఉండే బాటిల్ జాక్ చిన్న కార్ల కింద చాలాసార్లు పట్టదు.

1.5 టన్నుల కారుకు 2 టన్నుల జాక్ సరిపోతుంది, లేపేది ఒక మూలే కదా.

ఇంట్లోకి చక్రాల మీద కదిలే ట్రాలీ జాక్ హాయి. డిక్కీలోకి మాత్రం కత్తెర జాకే నయం, తేలిక.

మందపాటి చెక్క పలక ఒకటి పెట్టుకోండి. మెత్తటి మట్టిలో జాక్ దిగబడుతుంది.

బయల్దేరేముందు ఇంటి దగ్గరే ఒక చక్రం లేపి చూడండి. నాకైతే రోడ్డు మీదే తెలిసింది, హ్యాండిల్ ఇంట్లోనే ఉండిపోయిందని!