గంజాయి కేసులో పదేళ్లు లోపలుండి వచ్చినోళ్ల ఇంట్లోవాళ్లకి

మన పాడేరు, చింతపల్లి వైపు కూలికి మూట మోసి జైలుకెళ్లినోళ్లు చాలామంది, 20 కేజీలు దాటిందంటే ఎన్‌డీపీఎస్ అనే మత్తుమందుల చట్టం కింద తక్కువలో తక్కువ 10 ఏళ్లు, లక్ష జరిమానా, జడ్జి గారికి జాలేసినా అంతకన్నా తగ్గించలేరు, మిగతా ఖైదీలకి వచ్చే రెమిషన్, అంటే శిక్షలో తగ్గింపు కూడా ఆ చట్టంలోని 32ఏ సెక్షన్ వల్ల వీళ్లకి రాదు. జరిమానా కట్టలేకపోతే ఇంకొన్నాళ్లు ఉంచుతారు, ఎన్నాళ్లో తీర్పు కాపీలో ఉంటుంది, రిలీజ్ తేదీకి చాలా ముందే చూసుకోండి.

గేటు దగ్గర రిలీజ్ సర్టిఫికెట్, పని చేసిన కూలి డబ్బులు, మందుల చీటీలు అడిగి తీసుకోండి.

తర్వాత ముందు సిమ్ము, దాన్ని ఆధార్‌కి లింక్ చేయించాలి, ఓటీపీ రాకపోతే ఏ పనీ కదలదు. పాత ఆధార్‌లో విశాఖపట్నం జిల్లా అనే ఉంటుంది, 2022 ఏప్రిల్ 4 నుంచి మనది అల్లూరి సీతారామరాజు జిల్లా కదా, వేలిముద్రలతో పాటు అదీ మార్పించండి. రెండేళ్లు వాడని బ్యాంకు ఖాతా ఆగిపోతుంది, కేవైసీ ఇస్తే తెరుస్తారు, పదేళ్లు దాటి డబ్బు రిజర్వ్ బ్యాంకుకి వెళ్లినా మన బ్రాంచిలోనే అడిగి తెచ్చుకోవచ్చు. బియ్యం కార్డులో పేరు సచివాలయంలో ఎక్కించండి. ఓటు ఇక రాదంటారు, అది తప్పు, లోపలున్నప్పుడే లేదు, బయటికొచ్చాక ఓటర్ల జాబితాలో పేరు ఎక్కించే ఫారం 6 పెడితే వస్తుంది. పోటీ చేయడానికి మాత్రం ఎమ్మెల్యే, ఎంపీ ఎన్నికల్లో విడుదలయ్యాక 6 ఏళ్లు కుదరదు.

కాగితాల కన్నా కష్టం మనిషితో. మా బాబాయి వచ్చిన కొత్తలో సొంతింట్లో గుమ్మం దగ్గర నిలబడి "బయటికెల్లొచ్చా" అని పిన్నిని అడిగేవాడు, రాత్రి లైటు ఆర్పితే నిద్ర పట్టేది కాదు. లైటు వేసే ఉంచండి ఏం పోదు, చుట్టాలందర్నీ ఒకేసారి పిలవకండి, కొట్టుకి వెళ్లేటప్పుడు పిల్లల్ని తోడు పంపండి, ఫోన్‌తో డబ్బులు కట్టడం వాళ్లే మెల్లగా చూపిస్తారు.

పని దొరక్క ఖాళీగా ఉన్నప్పుడే పాత బ్రోకరు వస్తాడు, ఒక్క ట్రిప్పే అంటాడు. రెండోసారి కూడా 20 కేజీలు దాటిన కేసులో శిక్ష పడితే కనీసమే ఒకటిన్నర రెట్లు, అంటే 15 ఏళ్లు, ఈ లెక్క ఇంట్లో అందరికీ తెలియాలి. బండి, సిమ్ము, ఆధార్ జిరాక్స్ ఎవ్వరికీ ఇవ్వనివ్వకండి, బస్సులో పక్కోడి బ్యాగు కూడా పట్టుకోనివ్వకండి.

పోలీసులు ఊరికే స్టేషన్‌కి పిలుస్తున్నా, పోడు భూమి పట్టా దగ్గర గొడవొచ్చినా 15100కి ఫోన్ చేయండి, అది న్యాయ సేవా సంస్థ నంబరు, ఎస్టీలకి ఆదాయంతో సంబంధం లేకుండా లాయర్ని ఉచితంగా ఇస్తారు.