సీసా మీద ఎంజీలు, సిరంజిలో ఎంఎల్‌లు

"ఒక ఎంఎల్‌కి ఎన్ని ఎంజీలు మేడమ్?" అని అడుగుతారు. బెంగళూరు మారతహళ్లిలో మా మెడికల్ షాపుకి వచ్చేవాళ్లలో సగం మంది మనవాళ్లే కాబట్టి ప్రశ్న తెలుగులోనే వస్తుంది. "ఏ సీసాలో?" అని నేను తిరిగి అడుగుతాను. సీసా చూడకుండా దానికి జవాబు లేదు మరి.

ఎంజి అంటే మందు బరువు. ఎంఎల్ అంటే ఆ మందు కలిపిన ద్రవం ఎంత ఉందో చెప్పే కొలత. కంపెనీ ఎంత ద్రవంలో ఎంత మందు కలిపిందన్నదే లెక్కకు ఆధారం. మందు పేరు కింద చిన్న అక్షరాల్లో "ప్రతి 5 ఎంఎల్‌లో" అని మొదలయ్యే వరస ఒకటి ఉంటుంది. ఆ రెండు అంకెలు దొరికితే మిగిలింది భాగహారమే.

పారాసిటమాల్‌తోనే చూద్దాం, ఇంటింటా ఉండేది అదే. పిల్లలకు ఒక్కో మోతాదు సాధారణంగా కిలోకి 10 నుంచి 15 ఎంజి. మోతాదుకీ మోతాదుకీ కనీసం నాలుగు నుంచి ఆరు గంటలు ఎడం ఉండాలి. 12 కిలోల పాపకి డాక్టరు 180 ఎంజి ఇమ్మన్నారనుకోండి. మా అల్మారాలో అదే మందు మూడు రకాలుగా ఉంటుంది. ఒక సిరప్‌లో 5 ఎంఎల్‌కి 120 ఎంజి, ఇంకోదాంట్లో 5 ఎంఎల్‌కి 250, పసిపిల్లల డ్రాప్స్‌లో ఒక్క ఎంఎల్‌కే 100.

పెద్ద సూత్రం నేనెవరికీ చెప్పను. ముందు ఒక ఎంఎల్‌లో ఎంతుందో తేల్చమంటాను. 120ని 5తో భాగిస్తే 24. 250ని 5తో భాగిస్తే 50. డ్రాప్స్‌కి ఆ పని కూడా లేదు, 100. ఇక కావలసిన 180ని ఆ అంకెతో భాగించండి: మొదటి సీసాలో 7.5 ఎంఎల్, రెండోదాంట్లో 3.6, డ్రాప్స్‌లో 1.8. మందు అదే, పాప అదే, సిరంజిలో గీత మాత్రం మూడు చోట్ల. మొదటి సీసాకి అలవాటుపడిన చెయ్యి డ్రాప్స్ నుంచి 7.5 ఎంఎల్ తీస్తే 750 ఎంజి పోతుంది, అంటే నాలుగు రెట్లకు పైనే. పారాసిటమాల్ ఎక్కువైతే దెబ్బ తగిలేది కాలేయానికి, అదీ వెంటనే బయటపడదు. "డ్రాప్స్ కదా, పల్చగా ఉంటుంది" అనుకునేవాళ్లు చాలామంది. నిజానికి డ్రాప్స్‌లోనే మందు చిక్కన. పసివాడి నోట్లో ఎక్కువ ద్రవం పట్టదు కాబట్టి అలా చేస్తారు.

లెక్క సరిపోయిందో లేదో వెనక్కి గుణించి చూడండి. 3.6ని 50తో గుణిస్తే 180 రావాలి. అట్టపెట్టె మీద పెన్నుతో "1 ఎంఎల్ = 50 ఎంజి" అని రాసిస్తాను నేను. మీ షాపులో రాయకపోతే మీరే రాసుకోండి. 0.5 రాసేటప్పుడు ముందున్న సున్నా వదలొద్దు, చుక్క కనబడకపోతే 5 అయిపోతుంది. 2 ఎంఎల్‌ని 2.0 అనీ రాయొద్దు, అది 20లా కనబడుతుంది.

రెండు మందులు కలిసిన సీసాలు వేరే తలనొప్పి. అమాక్సిసిలిన్ (యాంటీబయాటిక్), క్లావులనేట్ కలిసిన డ్రై సిరప్, అంటే నీళ్లు పోసి కలుపుకునే పొడి సీసా మీద 5 ఎంఎల్‌కి 228.5 ఎంజి అని ఉంటుంది. అందులో అమాక్సిసిలిన్ 200, మిగతా 28.5 క్లావులనేట్. చాలామంది డాక్టర్లు మోతాదు కట్టేది అమాక్సిసిలిన్‌కే. 300 ఎంజి అమాక్సిసిలిన్ అని చీటీలో ఉంటే 200తో లెక్కేసి 7.5 ఎంఎల్ ఇవ్వాలి. 228.5తో భాగిస్తే ఆరున్నర దగ్గరే ఆగిపోతారు. చీటీలో ఏ మందుకో స్పష్టంగా లేకపోతే అడిగి తీరాలి, ఊహించకూడదు.

ఈ పొడి సీసాల్లో ఇంకో మెలిక ఉంది. సీసా 30 ఎంఎల్ అని ఉంది కదా అని 30 ఎంఎల్ నీళ్లు కొలిచి పోస్తారు. పొడి కూడా చోటు తీసుకుంటుంది కాబట్టి మొత్తం 30 దాటి, మందు పలచబడుతుంది. ముందు సీసాని తట్టి పొడి వదులు చేయండి. కాచి చల్లార్చిన నీళ్లు, లేదా పెట్టెలో వచ్చిన నీళ్లు, సీసా మీది గీతకు కాస్త కింద దాకా పోసి బాగా ఊపండి. నురుగు దిగాక గీత దాకా నింపండి. ఆ గీతకి కలిపితేనే లేబుల్ మీది అంకె నిజమవుతుంది. ఈ మందైతే కలిపాక ఫ్రిజ్‌లో పెట్టి సాధారణంగా 7 రోజుల్లో వాడేయాలి.

వంటింటి త్రాసు జోలికి మాత్రం పోకండి. నెల్లూరు నుంచి కొడుకింటికి వచ్చిన ఒక పెద్దాయన మలబద్ధకానికి వాడే లాక్టులోజ్‌ని 10 గ్రాములని త్రాసు మీద తూచుకుని తాగేవారు. దాని లేబుల్ మీద 15 ఎంఎల్‌లో 10 గ్రాములని ఉంటుంది. "బాబాయ్‌గారూ, ఆ 10 గ్రాములు లోపలున్న మందుది, పాకానిది కాదు" అని చెప్పాను. ఆ 15 ఎంఎల్ పాకం తూకం 20 గ్రాముల దాకా ఉంటుంది. అంటే ఆయనకు అందుతున్నది సగమే. లీటరు నూనె ప్యాకెట్ మీద 910 గ్రాములని ఉంటుంది చూడండి, నూనె నీటికంటే తేలిక కాబట్టి. చక్కెర పాకాలు నీటికంటే బరువు. ఆ తేడా మందు లెక్కలోకి రాదు.

కొలిచేందుకు సూది లేని సిరంజి కొనండి. టీస్పూన్ అంటే 5 ఎంఎల్ అని పుస్తకాల్లో ఉన్నా మన ఇళ్లలో చెంచాలు ఒక్కోటీ ఒక్కో సైజు. సిరంజి మీద 1కీ 2కీ మధ్య నాలుగు చిన్న గీతలుంటే ఒక్కోటి 0.2 ఎంఎల్. పిస్టన్ నల్ల రబ్బరు పై అంచు, అంటే మూతి వైపు అంచు, గీతతో కలవాలి. మూతికి చిన్న టోపీ ఉంటే ముందే తీసి పారేయండి, పిల్లల గొంతులో పడుతుంది. బుగ్గ లోపలి వైపు మెల్లగా పోయాలి, గొంతులోకి చిమ్మకూడదు. అమ్మమ్మలు వెండి ఉగ్గుగిన్నెతోనే పడతామంటారు. పట్టనివ్వండి, కానీ సిరంజితో కొలిచి అందులో పోయండి. గిన్నెకి అంటుకున్నది కాసిని కాచి చల్లార్చిన నీళ్లతో కడిగి అదీ తాగించండి.

శాతాల్లో రాసిన మందులకు ఒకటే గుర్తు: 1 శాతమంటే ఒక ఎంఎల్‌లో 10 ఎంజి.

ఐయూ (అంతర్జాతీయ యూనిట్లు) అని ఉన్నవాటిని ఎంజీల్లోకి మార్చే ప్రయత్నం చేయకండి. విటమిన్ డి డ్రాప్స్‌లో ఎంఎల్‌కి 400 ఉన్నదీ, 800 ఉన్నదీ రెండూ దొరుకుతాయి. ఇన్సులిన్ అయితే ఇంకా జాగ్రత్త. మన దగ్గర వయల్స్ ఎక్కువగా ఎంఎల్‌కి 40 యూనిట్లవి, పెన్నుల్లో 100. 100 సిరంజితో 40 వయల్ నుంచి 20 గీత దాకా తీస్తే వచ్చేది 8 యూనిట్లే. తలకిందులైతే, అంటే 100 ఇన్సులిన్‌ని 40 సిరంజిలో 20 గీత దాకా తీస్తే, 50 యూనిట్లు ఎక్కుతుంది. చక్కెర పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. 40కి ఎర్ర మూత సిరంజి, 100కి నారింజ మూతది.

చివరగా, బెంగళూరులో మనవాళ్లకే ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. కర్నూల్లోనో ఒంగోల్లోనో ఉన్న పిల్లల డాక్టరు వాట్సాప్‌లో "5 ఎంఎల్, రోజుకి మూడుసార్లు" అని పంపుతారు. ఆయన మనసులో ఉన్నది అక్కడి షాపులో దొరికే 120 సీసా, ఇక్కడ మీ చేతికి వచ్చేది 250. అలాంటప్పుడు సీసా లేబుల్ ఫొటో తీసి, పాప ఈ రోజు బరువు రాసి, "దీంట్లో ఎన్ని ఎంజీలు, ఎన్ని ఎంఎల్ సార్?" అని తిరిగి పంపండి. జలుబు సిరప్ కూడా వాడుతుంటే దాని ఫొటో కూడా పంపండి, చాలావాటిలో పారాసిటమాల్ ముందే ఉంటుంది. మూడు నెలలు నిండని పసిబిడ్డకి జ్వరమైతే ఈ లెక్కలన్నీ పక్కన పెట్టి నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లండి.