రెడ్ రైడర్ బీబీ గన్: ఇంట్లోనే రిపేరు, మార్పులు చేర్పులు

ఏళ్ల తరబడి గరాజ్‌లో పడి ఉన్న డైసీ కంపెనీ రెడ్ రైడర్ గన్‌ని పేలిస్తే బీబీ (చిన్న స్టీలు గుండు) నాలుగడుగుల్లో నేల మీద పడుతుంది. చూసినవాళ్లంతా స్ప్రింగ్ పోయిందనే అంటారు. చాలాసార్లు స్ప్రింగ్‌కి ఏమీ కాదు, లోపలి వాషర్ ఎండిపోయి ఉంటుంది. అందుకే స్క్రూడ్రైవర్ కంటే ముందు నూనె డబ్బా చేతిలోకి తీసుకోండి.

లోపల జరిగేది ఇది. లివర్ కిందికి లాగితే ప్లంజర్, అంటే పిస్టన్ లాంటి ముక్క, వెనక్కి జరిగి స్ప్రింగ్‌ని నొక్కుతుంది, సియర్ అనే కొక్కెం దాన్ని అక్కడే పట్టి ఉంచుతుంది. ట్రిగర్ నొక్కగానే ప్లంజర్ ముందుకు దూసుకొస్తుంది. దాని తలకి ఒక సన్నని గాలిగొట్టం ఉంటుంది. ముందు ఆ గొట్టమే బీబీని ముందుకు తోస్తుంది, వెంటనే ప్లంజర్ నొక్కిన గాలి అదే గొట్టంలోంచి వచ్చి మిగతా వేగం ఇస్తుంది. సైకిల్ పంపులో తోలు వాషర్ ఎండితే గాలి ఎలా పక్కనుంచి జారిపోతుందో, ప్లంజర్ తల మీది వాషర్ ఎండితే ఇక్కడా అంతే.

మీ గన్ ఏ కాలానిదో దాని మీది అక్షరాలే చెబుతాయి. రెడ్ రైడర్ 1940లో వచ్చింది. డైసీ కంపెనీ 1958లో మిషిగన్‌లోని ప్లిమత్ నుంచి ఆర్కన్సాలోని రాజర్స్‌కి మారింది. ప్లిమత్ అని ఉంటే పాతది, లోపల తోలు వాషర్ ఉంటుందనుకోవచ్చు. కొత్తవాటిలో సింథటిక్ సీల్ ఉంటుంది.

ముందు నూనె

పని మొదలుపెట్టే ముందు గన్ గొట్టం కిందికి వంచి ఊపి బీబీలన్నీ తీసేయండి. తర్వాత పాత బట్టలు కూరిన అట్టపెట్టెలోకి ఒకసారి పేల్చండి, లోపల ఒకటి మిగిలిపోవడం మామూలే. కంటికి అద్దాలు తప్పనిసరి. లివర్ తెరిచి ఉండగా ట్రిగర్ ఎప్పుడూ ముట్టుకోకండి. పాత మోడళ్లలో లివర్ విసురుగా మూసుకుని వేళ్లు నలిపేస్తుంది.

వాడాల్సింది నాన్-డిటర్జెంట్ (శుభ్రపరిచే రసాయనాలు కలపని) మోటార్ ఆయిల్, 20 లేదా 30 గ్రేడు. గన్‌ని గొట్టం పైకి ఉండేలా నిలబెట్టి ఐదారు చుక్కలు లోపలికి వదలండి. పాత గన్‌లో షాట్ ట్యూబ్ (బీబీ బయటికి వచ్చే లోపలి గొట్టం) మరలు విప్పి బయటికి తీస్తే నూనె నేరుగా వాషర్ మీదికే దిగుతుంది. రాత్రంతా అలాగే ఉంచండి. బాగా ఎండిన తోలుకి రెండు మూడు రాత్రులు కూడా పడుతుంది. డబ్ల్యూడీ-40 లాంటి స్ప్రేలు కొట్టకండి. అవి ఉన్న నూనెని కూడా కడిగేసి ఆరిపోతాయి, వాషర్ మళ్లీ ఎండుతుంది. మర్నాడు పేలిస్తే మొదట కొంచెం నూనె తుంపర్లు వస్తాయి, కంగారుపడక్కర్లేదు. వేగం తిరిగి వచ్చిందా, ఇక విప్పే పనే లేదు.

విప్పక తప్పనప్పుడు

లివర్ లాగుతుంటే బిగువే తెలియకపోతే స్ప్రింగ్ విరిగి ఉంటుంది. బిగువు బాగుండి, నూనె తాగించాక కూడా బీబీ నీరసంగానే వస్తుంటే వాషర్ చిరిగింది. లివర్ చివరిదాకా లాగినా క్లిక్ మని పట్టుకోకపోతే సియర్‌గానీ ప్లంజర్ మీది గాడిగానీ అరిగింది. ఈ మూడింటికీ లోపలికి వెళ్లాల్సిందే.

షాట్ ట్యూబ్ మొదట తీయాలి. తుప్పుతో పట్టేసి ఉంటే మర దగ్గర పెనెట్రేటింగ్ ఆయిల్ వేసి రాత్రంతా వదిలేయండి, తర్వాత బట్ట చుట్టి పట్టుకారుతో తిప్పండి. గట్టిగా నొక్కితే రేకు గొట్టం సొట్టపోతుంది, అది మళ్లీ గుండ్రం కాదు. తర్వాత స్టాక్ (భుజానికి ఆనించే వెనక భాగం) స్క్రూలు, లివర్ ఇరుసు స్క్రూ. స్క్రూల పొడవులు ఒక్కలా ఉండవు కాబట్టి కాగితం మీద బొమ్మ గీసి, ఎక్కడిది అక్కడ టేపుతో అంటించండి. ఒక్కో ఏడాది మోడల్‌లో అమరిక కాస్త మారుతుంది, అడుగడుగునా ఫోటో తీసుకుంటే బిగించేటప్పుడు తడుముకోనక్కర్లేదు.

అసలు జాగ్రత్త స్ప్రింగ్ దగ్గర. గన్ కాక్ చేయకపోయినా, అంటే లివర్ లాగి పెట్టకపోయినా, స్ప్రింగ్ కొంత బిగువు మీదే కూర్చుని ఉంటుంది. దాన్ని వెనక నుంచి ఆపే ముక్కని అమాంతం వదిలేస్తే మొహం మీదికి వస్తుంది. గన్‌ని పొడవాటి బార్ క్లాంప్‌లో పెట్టి, మూతి వైపు చెక్కముక్క అడ్డం పెట్టండి. వెనక వైపు చివర గాడి కోసిన గట్టి కర్రతో ఆ ముక్కని ఒక సెంటీమీటరు లోపలికి నొక్కి ఉంచండి. బిగువు కర్ర మీదికి వచ్చాకే ఆ ముక్కని పట్టి ఉంచే పిన్ను కొట్టి తీయాలి. ఆపైన క్లాంప్‌ని కొద్దికొద్దిగా వదులు చేస్తూ, స్ప్రింగ్ పూర్తిగా మెత్తబడ్డాక బయటికి లాగండి. ఈ ఒక్క పనికి రెండో మనిషి సాయం ఉంటే మంచిది.

స్ప్రింగ్‌ని అద్దం మీద దొర్లించండి. ఎగుడుదిగుడుగా దొర్లితే వంగిందని అర్థం, అదే మోడల్‌ది కొత్తది వేయండి. గాలిగొట్టం కూడా తిన్నగా ఉందో లేదో చూడండి, వంకరపోతే బీబీని సరిగా తోయలేదు. తోలు వాషర్ అంచులు పగిలి ఉంటే మార్చాలి. కొన్నిటిలో వాషర్ రివెట్‌తో బిగించి ఉంటుంది, దాన్ని పెకలించే కంటే ప్లంజర్ సెట్టు మొత్తం మార్చడమే మేలు. కొత్త తోలుని ముందురోజే నూనెలో నానబెట్టండి. తిరిగి ఎక్కించేటప్పుడు ప్లంజర్ మీది గాడి సియర్ వైపుకే ఉండాలి. కొంచెం పక్కకి తిరిగినా అంతా బిగించాక లివర్ పట్టుకోదు, మళ్లీ మొదటికొస్తుంది.

బీబీలు రాకుండా ఆగిపోతుంటే తప్పు ఎక్కువసార్లు షాట్ ట్యూబ్‌లోనే. తుప్పుపట్టినవీ, ఒకసారి పేల్చి ఏరుకున్నవీ వాడకండి. బీబీ దానంతట అదే మూతిలోంచి జారిపోతుంటే లోపల దాన్ని ఆపే అయస్కాంతమో చిన్న స్ప్రింగో పోయినట్టు, ట్యూబ్ మార్చాలి. 4.5 మి.మీ. స్టీలు బీబీలు తప్ప సీసపు పెల్లెట్లు ఇందులో వేయకూడదు.

మార్పులు

గట్టి స్ప్రింగ్ వేయాలన్న కోరిక చాలామందికి ఉంటుంది. వద్దు. ఈ గన్ వేగం కంపెనీ లెక్కన గరిష్ఠంగా సెకనుకి 350 అడుగులు, లివరూ సియరూ ఆ బరువుకి తగ్గట్టే ఉంటాయి. పైగా గొట్టం నున్నటిది, బీబీ అందులో వదులుగా పోతుంది, కాబట్టి బలం పెంచితే గురి మెరుగుపడదు. ట్రిగర్ తేలికవ్వాలని సియర్ ఆకురాయితో రాయడం ఇంకా ప్రమాదం, గన్ తనంతట తాను పేలుతుంది. ట్రిగర్ ఇరుసులో ఒక చుక్క నూనె చాలు.

మనసుపెట్టి చేయాల్సిన మార్పు చెక్క స్టాక్‌ది. పాత వార్నిష్ తీశాక 120, 220, 320 ఎమెరీ కాగితాలతో వరసగా, చెక్క నార వెంబడే రుద్దండి. ఎడమవైపు రెడ్ రైడర్ ముద్ర ఉంటే దాని చుట్టూ ఒక వేలెడు మేర చేతితోనే, మెల్లగా. ఒక్కసారి అరిగితే ఆ గీతలు తిరిగి రావు. తడిబట్టతో తుడిచి ఆరనిస్తే నార లేచి నిలబడుతుంది, మళ్లీ 320తో దించండి. అప్పుడు బాయిల్డ్ లిన్సీడ్ ఆయిల్ పల్చగా పూసి, పావుగంటకి మిగిలింది తుడిచేసి ఒక రోజు ఆరనివ్వాలి. నాలుగైదు పూతలకి చెక్క లోపలి రంగు బయటికొస్తుంది. నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి పడేయకండి, వాటంతట అవే అంటుకుంటాయి. ఆరుబయట పరిచి ఆరబెట్టండి. పక్కన రింగుకి వేలాడే తోలు తాడు చివికిపోతే 3 మి.మీ. తోలు తాడు కొత్తది కట్టుకోవచ్చు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు నాటిది, గొట్టం చుట్టూ రాగిపూత బ్యాండు ఉన్నదైతే మాత్రం రంగూ చెక్కా ఏదీ ముట్టుకోవద్దు, దాన్ని సేకరించేవాళ్లకి ఆ పాత పైపూతే విలువ.

అమెరికాలో మనవాళ్లు ఒక్కటి గుర్తుంచుకోవాలి. న్యూజెర్సీలో బీబీ గన్ కూడా చట్టం దృష్టిలో ఫైర్‌ఆర్మే, కొనాలంటే ఐడీ కార్డు కావాలి. మిగతాచోట్ల పెరట్లో పేల్చడానికి మీ ఊరి నిబంధనలు చూసుకోండి. స్టీలు బీబీ గట్టి గోడకి తగిలితే మీ వైపుకే తిరిగొస్తుంది, కాబట్టి వెనక బట్టలో కాగితాలో దట్టంగా కూరిన పెట్టె ఉండాలి.

గురి 5 మీటర్లలో చూడండి. బీబీలు కిందికి తగులుతుంటే వెనక సైట్ పైకి, పైకి తగులుతుంటే కిందికి. కొత్త వాషర్ వేసినవాళ్లు సైట్ వెంటనే కదపకండి. వాషర్ గొట్టంలో కుదురుకునే కొద్దీ వేగం మారుతుంది, తగిలే చోటూ మారుతుంది. వంద బీబీలు పేల్చాక సరిచేసుకోండి.