బుధవారం చాప: మన వీధిలో మనసు విప్పుకునే చోటు ఎలా పెట్టుకోవాలి

నాది విజయవాడ సింగ్‌నగర్‌లో చిన్న టైలరింగ్ షాపు. జాకెట్లు, ఫాల్స్, పికో, పిల్లల యూనిఫారాలు కుడతాను. 2024 సెప్టెంబరు 1, ఆదివారం బుడమేరు వాగు నీళ్లు వీధిలోకి వచ్చినప్పుడు నా రెండు మిషన్లూ, కుట్టి ఉంచిన బట్టలూ మునిగిపోయాయి. నాలుగు రోజులు పక్కింటి మేడ మీద గడిపాం. నీళ్లు దిగాయి, బురద కడుక్కున్నాం, మిషన్లు బాగు చేయించాను. కానీ వాన చప్పుడు వినపడితే మాత్రం నాకు నిద్ర పట్టేది కాదు. కొలతలు ఇవ్వడానికి వచ్చిన ఆడవాళ్లూ అదే చెప్పేవాళ్లు. జాకెట్టు సంగతి రెండు నిమిషాల్లో అయిపోయేది, ఆ తర్వాత అరగంట కూర్చునేవాళ్లు. అలా మొదలైంది మా బుధవారం చాప. మీ వీధిలోనూ పెట్టుకోవాలనుకుంటే నాకు తెలిసినంతవరకు చెబుతాను.

ముందు చోటు చూసుకోండి. ఎవరి ఇంట్లోనూ వద్దు. గోడ అవతల అత్తగారో, భర్తో ఉంటే వచ్చినవాళ్లకు నోరు పెగలదు. గుడి అరుగు అనుకున్నాం గానీ మా వీధిలో ముస్లింలు, క్రైస్తవులు కూడా ఉన్నారు, వాళ్లు మొహమాటపడతారు. షాపు అయితే ఎవరైనా రావచ్చు. "ఎక్కడికి?" అని ఇంట్లో అడిగితే "జాకెట్టు ఇచ్చి వస్తా" అంటే సరిపోతుంది. కిరాణా కొట్టు వెనక గది, అపార్టుమెంటు మేడ అయినా పర్వాలేదు. రోజూ, టైమూ మాత్రం మార్చకండి. మాది మధ్యాహ్నం రెండున్నర నుంచి నాలుగు. ఒక్కరే వచ్చినా చాప వేయాలి. మొదట్లో రెండు వారాలు నేనూ, ఇంకో అక్కా మాత్రమే కూర్చున్నాం. ఎనిమిది మంది దాటితే అందరి మాటా వినడం కుదరదు, అప్పుడు ఇంకో రోజు కూడా పెట్టండి.

టీ చాలు. ఒకసారి ఒకావిడ ప్రేమగా గారెలు తెచ్చింది. తర్వాతి వారం ఇంకొకరు స్వీట్లు తెచ్చారు. ఆ తర్వాత నుంచి ఇళ్లల్లో పనిచేసుకునే ఒకమ్మాయి రావడం మానేసింది. కారణం అర్థమయ్యాక తినేవి ఆపేశాం. ఆ అమ్మాయి మళ్లీ వస్తోంది.

చేతికి ఏదో ఒక పని ఉండాలి. ఎదురెదురుగా కూర్చుని "నీ బాధ చెప్పు" అంటే ఎవరికీ మాట రాదు. కళ్లు గుడ్డ మీద, సూది చేతిలో ఉంటే మాట దానంతట అదే వస్తుంది. మేం కాజాలు, హెమ్మింగ్ చేస్తాం. మీరు పూలు కట్టుకోవచ్చు, గోంగూర వలుచుకోవచ్చు. గుంటూరు వైపు మిరపకాయలకు తొడిమలు తీసే ఆడవాళ్లు పని మధ్యలో ఎన్ని కబుర్లు చెప్పుకుంటారో మీకూ తెలుసు.

మా అమ్మాయి నర్సింగ్ చదువుతోంది. జింబాబ్వే సంగతి తనే చెప్పింది. అక్కడ డిక్సన్ చిబాండా అనే మానసిక వైద్యుడు 2006లో హరారే నగరంలోని ఎంబారే అనే పేటలో 14 మంది అమ్మమ్మలతో మొదలుపెట్టాడట. ఆస్పత్రి ఆవరణలో చెట్టు కింద బల్ల మీద కూర్చుని, బాధలో ఉన్నవాళ్ల మాట వినడమే వాళ్ల పని. డిప్రెషన్ అన్న మాట అక్కడ నోటికెక్కలేదు. 'కుఫుంగిసిస' అంటారట, అంటే మరీ ఎక్కువగా ఆలోచించడం. మనం "బుర్రలో ఒకటే ఆలోచనలు" అంటామే, అదే. ఆ అమ్మమ్మల పద్ధతినే మేం పట్టుకున్నాం. ముందు మనిషిని పూర్తిగా చెప్పనివ్వాలి. కష్టాలు పది ఉంటే పదీ చెప్పనివ్వాలి. తర్వాత "ఈ వారం ఇందులో ఏది పట్టుకుందాం?" అని అడగాలి. ఒక్కటి తననే ఎంచుకోమనాలి. వచ్చే బుధవారానికి చేయగలిగిన చిన్న పని కూడా తనే చెప్పాలి.

ఒకావిడ భర్త ఆటో వరదలో పాడైంది, అప్పులు, నిద్రలేమి, కొడుకు చదువు, అన్నీ ఒకేసారి చెప్పింది. తను ఎంచుకున్నది అప్పు. ఆ వారం చేస్తానన్నది ఒక్కటే: ఎవరికి ఎంత ఇవ్వాలో కాగితం మీద రాయడం. రాసుకొచ్చాక మొత్తం తను భయపడినదానికన్నా తక్కువే ఉంది. ఆ రాత్రి నిద్రపోయానని చెప్పింది.

వినేటప్పుడు "అన్నీ సర్దుకుంటాయమ్మా" అనకండి. ఆ మాటతో ఎదుటివాళ్లు ఆగిపోతారు. "మా ఇంట్లో అయితే ఇంకా ఘోరం" అని అందుకోకండి. "అప్పుడేమైంది?", "ఇప్పుడు నిద్ర పడుతోందా?", "అన్నం తింటున్నావా?" ఈ మూడూ చాలు. ఏడిస్తే ఏడవనివ్వండి. నీళ్ల గ్లాసు దగ్గర పెట్టి, మీ కుట్టు మీరు కుట్టుకుంటూ ఉండండి.

చాప మీద మాట గడప దాటకూడదు. మా దగ్గర ఒకసారి దాటింది. ఒక కోడలు చెప్పుకున్న మాట వాళ్ల అత్తగారి దాకా వెళ్లింది. ఆ అమ్మాయి మళ్లీ రాలేదు. నాకు ఇప్పటికీ బాధగా ఉంది, మొదటి రోజే గట్టిగా చెప్పి ఉండాల్సింది నేను. ఇప్పుడు ప్రతి బుధవారం కూర్చోగానే ఆ నియమం పైకి చెబుతాను, ఫోన్లన్నీ బుట్టలో వేయిస్తాను.

మన వల్ల కానివి కూడా వస్తాయి. ఎవరైనా "బతకాలని లేదు" అంటే మాట మార్చకండి. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగండి. అడిగితే ఆ ఆలోచన పెరుగుతుందేమోనని భయం వద్దు. ఒంటరిగా వదలకండి, అక్కడే కూర్చుని 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్, ప్రభుత్వానిది, ఉచితం, ఏ వేళలోనైనా తెలుగులో మాట్లాడతారు. కొట్టే భర్త ఉంటే ఆడవాళ్ల హెల్ప్‌లైన్ 181. రెండు నంబర్లూ షాపు అద్దం పక్కన రాసి పెట్టాను.

రెండు మూడు నెలలకు చెప్పుకునే మాటలు మారతాయి. "నాకు భయం" అన్నవాళ్లే "మన డ్రైనేజీ ఎందుకు పూడింది?" అంటారు. అప్పుడు ఆపకండి. బుడమేరు కట్టకు గండ్లు పడి వరద వచ్చింది నిజమే, కానీ మా వీధి కాలువ తీసినప్పుడు బయటపడింది చాలావరకు ప్లాస్టిక్ కవర్లే. మిగిలిన గుడ్డ ముక్కలతో సంచులు కుట్టి ఇంటికి రెండు చొప్పున ఇచ్చాం. బుడమేరు కొల్లేరులో కలుస్తుంది, కొల్లేరు నీళ్లు ఉప్పుటేరు మీదుగా సముద్రానికి వెళ్తాయి. మన వీధిలో పడేసిన కవరు ఎక్కడిదాకా పోతుందో ఆలోచించండి. ఆ జింబాబ్వే ఆడవాళ్లు కూడా బల్ల దగ్గర మాటలు అయ్యాక గుంపుగా కూర్చుని ప్లాస్టిక్‌తో సంచులు అల్లుతారని విని నాకు ఒళ్లు పులకరించింది.

నా పుట్టిల్లు నెల్లూరు జిల్లా కలిగిరి వైపు. మా పక్కన దూబగుంటలో రాత్రి బడికి వెళ్లిన ఆడవాళ్లే 1992లో సారాకు ఎదురు తిరిగారు, మరుసటి ఏడాది రాష్ట్రమంతా సారా ఆగిపోయింది. అప్పుడు నాకు పన్నెండేళ్లు. వాళ్లు మొదట కూర్చున్నది చదువుకోవడానికే.

షాపు తాళం ఇంకోటి చేయించి పక్కింటివాళ్ల దగ్గర ఉంచండి. పెద్ద వాన పడిన రాత్రి, బుధవారం కాకపోయినా, ఎవరో ఒకరు వస్తారు.