ప్రేమలో సమానత్వాన్ని ఎలా గుర్తించాలి, ఆశలను ఎలా సరిచూసుకోవాలి

ప్రేమించుకుంటున్న ఇద్దరి మధ్య సమానత్వం ఉందా లేదా అన్నది ఖర్చులను, పనులను చెరిసగం పంచుకున్నారా అన్న లెక్కతో తేలదు. ఒకరికి సంపాదన ఎక్కువ ఉండవచ్చు, మరొకరికి తీరిక ఎక్కువ ఉండవచ్చు, ఒకరి ఆరోగ్యం కొంతకాలం సహకరించకపోవచ్చు. ముందుగా చూడవలసినది వేరే ఉంది. అవతలివారి కోపానికో, అలకకో, వదిలిపోతారన్న భయానికో లోబడకుండా ఇద్దరూ ‘నాకిది ఇష్టం లేదు’ అని చెప్పగలుగుతున్నారా, చెప్పినప్పుడు ఆ మాటకు నిర్ణయాన్ని మార్చగల బరువు ఉంటోందా అన్నది చూడాలి. ఈ ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పుకోకుండా ఎన్ని సర్దుబాట్లు చేసుకున్నా అవి పైపైనే ఉండిపోతాయి.

జవాబు కోసం ఇటీవలి నిర్ణయాలను ఒక్కొక్కటిగా తీసి చూడండి. ఎక్కడ కలవాలి, సెలవును ఎలా గడపాలి, గొడవ తరువాత ముందుగా ఎవరు పలకరించాలి, ఎవరి ఉద్యోగం కోసం ఎవరు ఊరు మారాలి వంటి విషయాల్లో చివరికి ఎవరి మాట నిలిచిందో, ఎవరు సర్దుకున్నారో రాసుకోండి. అప్పుడప్పుడు ఒకరే సర్దుకోవడంలో తప్పు లేదు. కానీ పేజీ పొడవునా సర్దుకున్నవారి పేరు ఒకటే అయితే దానిని వారి మంచితనంగా భావించి ఊరుకోకూడదు. అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త విల్లర్డ్ వాలర్ 1938లోనే దీనికి ఒక కారణం చూపాడు: బంధం కొనసాగాలన్న ఆసక్తి ఎవరికి తక్కువగా ఉంటుందో, పెత్తనం వారి చేతికి వెళుతుంది. ఎక్కువగా ప్రేమిస్తున్నవారు పోగొట్టుకుంటామన్న భయంతో ఒక్కొక్క కోరికనూ వదులుకుంటూ పోతారు, అవతలివారికి ఆ సంగతి తెలియనైనా తెలియదు. అందుచేత ఎప్పుడూ సర్దుకునేవారు తమ మాటను బయటికి చెప్పాలి, ఎప్పుడూ మాట నెగ్గించుకునేవారు తామే చొరవ తీసుకుని అడగాలి. నా దృష్టిలో రెండవవారి బాధ్యతే పెద్దది, ఎందుకంటే నోరు తెరిచినందుకు వారు పోగొట్టుకునేది తక్కువ.

కలిసి జీవిస్తున్నవారికి పనుల పంపకం నిత్యం ఎదురయ్యే విషయం. ఇక్కడ ఎవరి అంచనానూ, మన సొంత అంచనాతో సహా, పూర్తిగా నమ్మకూడదు. 1979లో మైకేల్ రాస్, ఫియోరె సికోలీ అనే పరిశోధకులు 37 వివాహిత జంటలను ఇంటి బాధ్యతల్లో ఎవరి వాటా ఎంత అని విడివిడిగా అడిగితే, చాలా జంటల్లో ఇద్దరూ చెప్పిన వాటాలను కలిపినప్పుడు మొత్తం అసలును మించిపోయింది. ఎవరూ అబద్ధం చెబుతున్నారని కాదు. తాను చేసిన పని తనకు వెంటనే గుర్తుకు వస్తుంది, అవతలివారు చేసినది కంటికే కనబడకపోవచ్చు. కాబట్టి వాదనకు దిగేముందు ఒక వారం పాటు ఇద్దరూ చేసిన పనులన్నీ ఒకే కాగితం మీద రాయండి.

ఆ కాగితంలో చేతితో చేసే పనులతో పాటు మనసులో మోసే పనులు కూడా ఉండాలి. ఏది అయిపోవస్తోందో ముందే గమనించడం, దారులు వెతకడం, నిర్ణయించడం, ఆ తరువాత అది జరిగిందో లేదో కనిపెట్టి ఉండడం అనే నాలుగు దశలను అలిసన్ డామింగర్ అనే సామాజిక శాస్త్రవేత్త 2019లో వివరించారు. ఆమె మాట్లాడిన జంటల్లో నిర్ణయించడం ఇద్దరూ కలిసి చేస్తున్నా, ముందే గమనించడం, కనిపెట్టి ఉండడం ఎక్కువగా స్త్రీల మీదే పడుతున్నాయి. ‘ఏం చేయాలో చెప్పు, చేస్తాను’ అనడం సాయం లాగానే వినిపిస్తుంది, కానీ ఆలోచించే భారమంతా చెప్పేవారి దగ్గరే మిగిలిపోతుంది. ఒక పనిని అప్పగించేటప్పుడు మొదటి దశ నుంచి చివరి దశ వరకు మొత్తంగా అప్పగించండి. అప్పగించిన తరువాత అది మీ పద్ధతిలో జరగలేదని వెనక్కు లాక్కోకండి.

ఇక ఆశల విషయం. మీరు కోరుకుంటున్న ఒక్కొక్కదాన్నీ తీసుకుని, దీనిని నేను ఎప్పుడైనా నోరు తెరిచి చెప్పానా, అవతలివారికి ఉన్న సమయంతో, ఓపికతో, స్వభావంతో ఇది చేయదగినదేనా, ఇదే కోరిక నన్ను కోరితే నేను తీర్చగలనా అని ప్రశ్నించుకోండి. ‘నిజంగా ప్రేమ ఉంటే చెప్పకుండానే అర్థం చేసుకోవాలి’ అనే ఆశ మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతుంది. ప్రియమైనవారే ప్రాణస్నేహితులు, సలహాదారులు, ఓదార్చేవారు, ఎదుగుదలకు దన్నుగా నిలిచేవారు కావాలనుకోవడం కూడా ఇప్పుడు మామూలైపోయింది. మనస్తత్వవేత్త ఈలై ఫింకెల్ చూపినట్టు, వివాహం నుంచి ఇంత కోరుకుంటూ దానికి కావలసిన సమయం మాత్రం ఇవ్వకపోవడమే చాలా నిరాశలకు మూలం. అంటే కలిసి గడిపే సమయాన్నయినా పెంచాలి, లేదా కొన్ని అవసరాలను స్నేహితుల దగ్గర, తోబుట్టువుల దగ్గర తీర్చుకోవాలి. అది ప్రేమకు లోటు కాదు.

ప్రతి తగాదా ఒక పరిష్కారంతో ముగుస్తుందన్న ఆశను కూడా వదులుకోవలసి ఉంటుంది. దశాబ్దాల పాటు జంటలను గమనించిన జాన్ గాట్‌మన్ పరిశోధనల ప్రకారం వారి మధ్య విభేదాల్లో దాదాపు 69 శాతం స్వభావాల తేడా వల్ల పుట్టి ఎప్పటికీ తీరకుండా కొనసాగేవే. ఒకరికి పొదుపు, మరొకరికి ఖర్చు. ఒకరికి జనం కావాలి, మరొకరికి ఏకాంతం కావాలి. వీటిని తీర్చివేయాలని పట్టుబట్టడం కంటే, గాయపరచకుండా వాటి గురించి మాట్లాడుకునే పద్ధతి నేర్చుకోవడం ముఖ్యం. సుఖంగా ఉన్న జంటలు గొడవ మధ్యలో కూడా ఒక్క కటువైన మాటకు సుమారు 5 మంచి మాటలో, చేష్టలో జతచేస్తారని ఆయన గమనించారు. బంధానికి అన్నిటికంటే చేటు చేసేది తిరస్కారం, అంటే వెక్కిరింపు, చులకన చూపు, అని కూడా తేల్చారు. చులకనగా చూడడమంటేనే ‘నేను నీకంటే పైన ఉన్నాను’ అని చెప్పడం. సమానత్వం అక్కడే తెగిపోతుంది.

మాట్లాడడానికి ఇద్దరూ అలసిపోని సమయం ఎంచుకుని, ఒకసారి కూర్చున్నప్పుడు ఒకే విషయం తీసుకోండి. ‘నువ్వెప్పుడూ నన్ను పట్టించుకోవు’ అనే బదులు ‘నిన్న వస్తానని చెప్పి రాకపోయేసరికి చాలా బాధపడ్డాను, ఇకముందు ఆలస్యమైతే ఒక్క మాట చెప్పగలవా’ అని అడిగితే అవతలివారికి చేయదగిన పని ఒకటి దొరుకుతుంది. అడిగినదానికి ‘కుదరదు’ అనే జవాబు కూడా రావచ్చు. దానిని శిక్షించకుండా విని, ఏ మేరకు కుదురుతుందో అడగండి.

ఆశలను సరిచూసుకోవడమంటే గౌరవాన్ని, నిజాయితీని, భద్రతను తగ్గించుకోవడం కాదు. చేయి చేసుకోవడం, బెదిరించడం, ఫోన్ తనిఖీ చేయడం, డబ్బు అందకుండా చేయడం, మీ కుటుంబం నుంచి, స్నేహితుల నుంచి మిమ్మల్ని దూరం చేయడం వంటివి ఉన్నచోట పైన చెప్పినవేవీ పనిచేయవు, పైగా మనసు విప్పి మాట్లాడడం ప్రమాదం తెచ్చిపెట్టవచ్చు. అలాంటప్పుడు ముందుగా నమ్మకమైనవారికి చెప్పండి, ఇటువంటి కేసుల్లో అనుభవం ఉన్నవారి సాయం, భాగస్వామిని వెంట తీసుకెళ్లకుండా, తీసుకోండి.

హింస లేని బంధంలో కుదుర్చుకున్న ఒప్పందాలనైనా ఒక్కసారితో వదిలేయకూడదు. ఉద్యోగం మారినప్పుడు, బిడ్డ పుట్టినప్పుడు, ఒకరు జబ్బుపడినప్పుడు పాత పంపకం అన్యాయంగా మారుతుంది, కాబట్టి మళ్లీ కాగితం తీయాలి. కొన్ని నెలల పాటు స్పష్టంగా అడిగినా, ప్రతిసారీ మాట ఇచ్చినా, మార్పు కోసం ప్రయత్నం ఒకవైపు నుంచే సాగుతుంటే, ఇంకా ఏమి ఆశించాలన్న ఆలోచనను పక్కన పెట్టి, ఈ బంధం ఇప్పుడున్నది ఉన్నట్టుగానే సాగితే అందులో ఉండగలనా అని తేల్చుకోవాలి.