రాతితోట ప్రియులంతా కలిసి మొక్కల సంత పెట్టడం ఎలా?

హైదరాబాద్‌లో ఇల్లు కట్టుకున్నవాళ్లు మొదట తిట్టుకునేది రాయినే. సెల్లార్ తవ్వాలన్నా, బోరు వేయాలన్నా, చివరికి ఓ జామ మొక్క నాటాలన్నా గడ్డపార ఠంగుమంటుంది. ఆ రాళ్ల మధ్యే తోట పెంచే పద్ధతి ఒకటుంది. చలి దేశాల్లో దానికి పెద్ద చరిత్రే ఉంది. కొండల మీది చిట్టి మొక్కల్ని రాళ్ల సందున పెంచేవాళ్లు ఇంగ్లండ్‌లో 1929లో ఆల్పైన్ గార్డెన్ సొసైటీ పెట్టుకున్నారు. అమెరికాలో 1934లో అలాంటిదే మరొకటి వచ్చింది. విత్తనాలు పంచుకోవడం, ఒకరి తోట ఇంకొకరు చూసిరావడం, మొక్కలు అమ్మడం ఇలాంటి సంఘాల పని. వాళ్ల పనులు మనం అరువు తెచ్చుకోవచ్చు గానీ వాళ్ల మొక్కలు మనకు పనికిరావు. మంచు కింద నిద్రపోయే మొక్కను మే నెలలో మన మేడ మీద పెడితే వారం తిరక్కుండా మాడిపోతుంది.

మా కాలనీలో అరడజను మందిమి కలిసి ఈ పని చేస్తున్నాం. పేరూ లేదు, బోర్డూ లేదు. కట్టుబాటు మాత్రం ఒకటుంది: తల్లిమొక్క మాలో ఎవరింట్లోనైనా ఒక మే నెల ఎండనూ, ఒక జూలై ముసురునూ దాటి ఉండాలి. అలా దాటని మొక్క పిలకను సంతలో బల్ల మీద పెట్టం. ఈ మాట మాకు మొదటి ఏడు తెలియదు, తెలిసేలోపు చాలా మొక్కలు పోయాయి. ఆ సంగతి తర్వాత చెబుతాను.

ముందు మనుషులు

ఐదుగురు చాలు. ఒకరికి ఖాళీ జాగా, ఒకరికి సామాను మోసే బండి, ఒకరికి లెక్క రాసే ఓపిక ఉంటే సగం పని అయినట్టే. నెలకోసారి ఒకరింట్లో కలవండి. వచ్చేటప్పుడు బాగా పెరిగిన మొక్కతో పాటు చచ్చిన మొక్కను కూడా తెమ్మనండి. కుండీ బోర్లించి వేరు చూస్తే అది నీళ్లెక్కువై పోయిందా, పిండినల్లి పట్టి పోయిందా అన్నది నలుగురికీ అర్థమవుతుంది. బాగున్న మొక్క చుట్టూ కూర్చుంటే పొగడ్తలే తప్ప పాఠం ఏమీ దొరకదు.

గుట్ట చూసి రండి

తోట వేసే ముందు ఒక ఆదివారం తెల్లవారుజామున ఖాజాగూడ గుట్టల వైపు నడవండి. ఇక్కడి రాళ్లను కాపాడుకోవాలని 1996లో మొదలైన సొసైటీ టు సేవ్ రాక్స్ వాళ్లు కూడా ఇలాంటి రాళ్ల నడకలు పెడతారు. ఎండెక్కకముందే తిరిగి వచ్చేయాలి, రాయి వేడెక్కిందంటే చెప్పు కింద కాలు చుర్రుమంటుంది.

ఈ గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న బండల్ని ఎవరూ పేర్చలేదు. రాతి పగుళ్లలోకి నీరు దిగి, అంచులు అరిగి, గుండ్రాళ్లు మిగిలాయి. ఆ అరిగి రాలిందే మొరం. లారీలో తెప్పించి ఇంటి పునాదిలో నింపుకుంటామే, అదే. రాతితోటకు అంతకన్నా మంచి మన్ను ఈ ఊళ్లో దొరకదు, అదీ చవగ్గా.

గుట్ట మీద మొక్క ఎక్కడ మొలిచిందో కూడా గమనించండి. బండ నెత్తిన ఏమీ ఉండదు. బండ మీద పడ్డ వాన జారి పాదం దగ్గర ఇంకుతుంది, సీతాఫలం చెట్టు అక్కడే లేస్తుంది. కుందేటి కొమ్ములు లాంటి రసం నిండిన చిన్న కాడలు ముళ్ల పొద నీడన దాక్కుంటాయి. నల్లేరు పొదల మీదికి పాకుతుంది. ఎడారి మొక్కలని మనం పిలిచేవి కూడా మధ్యాహ్నం కాస్త నీడ కోరుకుంటాయని అక్కడ తెలుస్తుంది. అందుకే ఇంట్లో రాయి పెట్టినా మొక్కను దానికి తూర్పు పక్కన నాటండి. పొద్దుటి ఎండ తగులుతుంది, పడమటి ఎండను రాయి ఆపుతుంది. చలి దేశాల పుస్తకాలు దక్షిణం వైపు వాలు పెట్టమంటాయి, ఆ లెక్క మనకు కుదరదు. మే 9 దాటాక ఆగస్టు 3 దాకా మధ్యాహ్నపు సూర్యుడు మన నడినెత్తికి ఉత్తరంగా ఉంటాడు.

గుట్ట మీద నుంచి ఏదీ పీక్కురావద్దు. కేబీఆర్ లాంటి జాతీయ పార్కులోనైతే మొక్క తెంపడం 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద నేరం. మిగతా చోట్ల చట్టం మాట ఎలా ఉన్నా, నలుగురు నాలుగు పీకితే వచ్చే ఏడాది చూద్దామన్నా ఏమీ మిగలదు.

ఒక మడి చేసి చూపించండి

సంతకు వచ్చినవాళ్లు కుండీల కన్నా ముందు తోటనే చూస్తారు. నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పున్న మడి సరిపోతుంది. జల్లించిన మొరం రెండు పాళ్లు, దొడ్డు ఇసుక ఒక పాలు, 6 ఎంఎం రాతి చిప్స్ ఒక పాలు, బాగా మాగిన పశువుల ఎరువు అర పాలు. నల్లరేగడి చెంచాడు కూడా వద్దు. ఇసుక దొరక్క రోబో ఇసుక వాడితే మాత్రం బకెట్లో వేసి మూడుసార్లు కడగండి. అందులోని సన్నటి రాతిపొడి రెండు వానలకే సిమెంటులా గట్టిపడి నీటిని ఆపేస్తుంది. కలిపిన మన్నును కుండీలో పోసి చెంబెడు నీళ్లు గుమ్మరించండి. ఇరవై అంకెలు లెక్కపెట్టేలోపు కింది రంధ్రం నుంచి నీళ్లు కారాలి. కారకపోతే చిప్స్ ఇంకాస్త కలపండి.

రాళ్ల కోసం గుట్ట పగలగొట్టనక్కర్లేదు. ఏ వీధిలో సెల్లార్ తవ్వుతున్నా బయట గుట్టగా పోసి ఉంటాయి, మేస్త్రీని అడిగితే తీసుకుపొమ్మంటాడు. మూడో వంతు మట్టిలోకి పాతి, రాతి చారలన్నీ ఒకే దిక్కుకు వచ్చేలా పెట్టండి. మేడ మీద పెట్టేవాళ్లు జాగ్రత్త: ఒక ఘనపుటడుగు గ్రానైటు 75 కిలోల దాకా తూగుతుంది. మేడ మీదికి వెడల్పాటి తొట్టి, పిడికిలంత రాళ్లు చాలు.

ఇంగ్లండ్‌లో పశువులు నీళ్లు తాగిన పాత రాతి తొట్లలో ఈ మొక్కలు పెంచుతారు. మనకు రుబ్బురోలు ఉండనే ఉంది. మార్బుల్ పనివాళ్లతో అడుగున అంగుళం రంధ్రం కొట్టిస్తే అంతకన్నా అందమైన కుండీ లేదు. మా ఇంట్లో ఆ పని చేయించిన రోజు మా అత్తమ్మ బయటికొచ్చి, "ఏందే ఇది, గారెలకు పప్పు రుబ్బిన రోట్ల జెముడు పెడ్తవా?" అని రెండు రోజులు మాట్లాడలేదు. ఇప్పుడు ఆ రోటికి నీళ్లు పోసేది ఆవిడే. ఎక్కువ పోయకుండా ఆపడమే నా పని.

సంతకు మొక్కలు సిద్ధం చేయడం

సంత ఎప్పుడన్నది ముందు తేల్చుకోండి. మేం మొదటిసారి జూలైలో పెట్టాం, వానాకాలం మొక్కలు నాటే కాలం కదా అని. ఈ ఊరికి ఏడాదికి పడే 800 మిల్లీమీటర్ల వానలో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబర్ లోపే పడుతుంది. అది వేప మొక్కకు మంచి కాలం, ఎడారి గులాబీ అనే అడీనియానికి కాదు. సంతైన వారానికే ముసురు పట్టింది. పది రోజులకు ఒకాయన కుండీ పట్టుకుని వచ్చి నా చేతిలో పెట్టాడు. కాడ పట్టుకుంటే మాగిన అరటిపండులా వేలు లోపలికి దిగింది. ఆయన ఏమీ అనలేదు. మేమే ఇంకో మొక్క ఇచ్చి పంపాం. అప్పటి నుంచి మా సంత అక్టోబర్ చివరో నవంబర్ మొదట్లోనో, దీపావళి వారం తప్పించి. కొన్నవాళ్లకు ఎండలు ముదిరేలోపు ఐదారు నెలలు చేతిలో ఉంటాయి.

అక్కడి నుంచి వెనక్కి లెక్కేసుకోండి. సంతకు ఎనిమిది వారాల ముందే పిలకలూ కొమ్మలూ కుండీల్లో ఉండాలి, పైన రేకో తాటిపత్రో ఉన్న చోట. కోసిన కొమ్మను వెంటనే నాటకూడదు. రణపాల ఆకైతే రెండు రోజులు, వేలంత లావు కాడైతే వారం నీడన ఆరబెట్టండి. కోసిన చోట పొర కట్టి గట్టిపడాలి. అది కట్టకుండా మట్టిలో పెడితే వేరు రాకముందే కుళ్లు వస్తుంది. నాటాక వారం దాకా నీళ్లు వద్దు. వేరు పట్టిందో లేదో చూడాలని రోజూ పీకి చూసేవాళ్లు ప్రతి గుంపులో ఒకరుంటారు. వాళ్లకు లెక్కల పుస్తకం అప్పగించండి.

జెముడు లాంటి పాలు కారే యుఫోర్బియాలు కోసేటప్పుడు చేతికి తొడుగు, కంటికి అద్దాలు ఉండాల్సిందే. ఆ పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం. పడితే నీళ్లతో బాగా కడిగి, ఆలస్యం చేయకుండా డాక్టర్ దగ్గరికి పోవాలి. కోసిన కొనను నీళ్లలో ముంచితే పాలు కారడం ఆగుతుంది. అడీనియం రసమూ విషమే. సంత రోజు పసిపిల్లలతో వచ్చినవాళ్లకు ఈ మాట తప్పకుండా చెప్పండి, బేరం పోయినా సరే.

పసుపు అంచున్న చాగనార, అదే స్నేక్ ప్లాంట్, ఆకు ముక్క నాటితే బతుకుతుంది గానీ పసుపు అంచు పోయి ఉత్త ఆకుపచ్చగా వస్తుంది. అంచు కావాలంటే దుంపతో విడదీయాల్సిందే. కలాంచో పొద్దు తగ్గినప్పుడే మొగ్గ వేస్తుంది, రాత్రంతా వీధి దీపం పడే బాల్కనీలో పెడితే ఏళ్లు గడిచినా పూయదు. ఇలాంటివి ముందే చెప్పగలిగితే కొన్నవాళ్లు మళ్లీ వస్తారు.

ఆన్‌లైన్‌లో పశ్చిమ బెంగాల్ కొండల్లోని కలింపాంగ్ నుంచి తెప్పించిన గులాబీ రెక్కల్లాంటి ఎకెవెరియాలు చూడముచ్చటగా ఉంటాయి. మన వేడికి, అందులోనూ రాత్రులు కూడా చల్లబడని మే నెలకు, చాలావరకు తట్టుకోవు. తెచ్చిన నెలకే లాభం వేసుకుని అమ్మేయడం తేలిక. ఆ బేరం మేం చేయం.

చివరి రెండు వారాలు ప్రతి కుండీనీ తిప్పి చూడండి. ఆకు సందులో తెల్లటి దూది లాంటి చుక్క కనిపిస్తే అది పిండినల్లి. స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచి, ఆ కుండీని వేరే చోట పెట్టండి. వేపనూనె కొట్టాలంటే లీటరుకు 5 మిల్లీలీటర్లు, నాలుగు చుక్కల సబ్బునీళ్లతో కలిపి, పొద్దు గుంకాక. ఎండలో కొడితే ఆకు కాలుతుంది, ఆకు మీది బూడిద పూత కూడా పోతుంది.

చీటీ, ధర

మొదటి ఏడు స్కెచ్ పెన్నుతో రాశాం. ఒక్క జల్లుకు నీలం కారిపోయి, ఏది ఏదో మాకే తెలియలేదు. మార్కర్ కూడా ఎండకు ఆర్నెల్లలో వెలిసిపోతుంది. పాత పెరుగు డబ్బాను రెండు వేళ్ల వెడల్పు పట్టీలుగా కత్తిరించి, ఉప్పు కాగితంతో ఒకసారి రుద్ది, మామూలు పెన్సిల్‌తో రాయండి. రెండేళ్ల కింద రాసినవి మా దగ్గర ఇంకా చదవొస్తున్నాయి. పట్టీ మీద పేరు, వారానికెన్నిసార్లు నీళ్లు, ఎండా నీడా అన్నది ఉండాలి. వెనక వైపు ధర, తెచ్చినవాళ్ల రంగు చుక్క.

ధరలు మూడే రకాలు పెట్టండి: 40, 80, 150. ప్రతి కుండీకీ వేరే ధరైతే చిల్లర దగ్గర లైను ఆగిపోతుంది. అదే రంగు చుక్క పెట్టిన ఇంకో పట్టీని ఊడదీయగలిగేలా కుండీకి రబ్బరుతో కట్టి, డబ్బు కట్టే చోట తీసి ఆ రంగు డబ్బాలో వేయండి. సాయంత్రం డబ్బాలు లెక్కపెడితే ఎవరివెన్ని పోయాయో తెలిసిపోతుంది. వచ్చిన దానిలో మూడో వంతు గుంపుకు, మిగతాది పెంచినవాళ్లకు.

సంత రోజు

కాలనీ కమ్యూనిటీ హాలు వరండా అయితే అనుమతి తేలిక, పార్కులో పెట్టాలంటే ముందే మునిసిపల్ వాళ్లను అడగాలి. ఉదయం 8 నుంచి 12 చాలు. ఎండ వచ్చాక ఎవరూ నిలబడరు. క్యూఆర్ కోడ్ రెండు చోట్ల అతికించి, పది రూపాయల నోట్ల కట్ట ఒకటి ఉంచుకోండి. ముళ్ల మొక్కలకు పాత పేపరు నాలుగు మడతలు, కుండీలు పెట్టుకోవడానికి కిరాణా కొట్టు అట్టపెట్టెలు.

గుంపులోవాళ్లు ముందే వచ్చి మంచివి ఏరుకోవడం మాత్రం ఆపండి. మా దగ్గర ఒక ఏడాది దాని మీద గొడవై, ఇద్దరు మూడు నెలలు పలకరించుకోలేదు. ఇప్పుడు మా మొక్కలు మేం కొనాలన్నా పదకొండు దాటాకే.

చివర్లో ఒక పాత మొక్కను వేలం వేయండి. బాలాపూర్ లడ్డూ వేలం కూడా 1994లో 450 రూపాయలతోనే మొదలైంది కదా! మాది ఇంకా ఆ దరిదాపుల్లోనే ఉందనుకోండి. అయినా వేలం కోసం ఆగేవాళ్ల వల్ల చివరి గంట బల్లలు ఖాళీ అవుతాయి. మిగిలిన కుండీలను మాత్రం సగం ధరకు ఇవ్వకండి. ఇస్తే పైయేడు అందరూ పన్నెండింటికే వస్తారు.

కొన్నవాళ్లలో ఇష్టపడినవాళ్ల ఫోన్ నంబర్ ఒక పుస్తకంలో రాయించుకోండి. జూన్‌లో తొలకరి పడ్డాక ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, "మీ మొక్క ఎండాకాలం దాటిందా?" అని అడుగుతాం. దాటితే టిక్కు, లేకపోతే అడ్డగీత. సగానికి పైగా అడ్డగీతలొచ్చిన మొక్కను వచ్చే సంత జాబితాలోంచి తీసేస్తాం. ఒక రకం ఎకెవెరియా మాలో ఒకరి తూర్పు బాల్కనీలో రెండు మే నెలలు దాటిందని నమ్మి పోయినేడు బల్ల మీద పెట్టాం. కొన్నవాళ్ల మేడల మీద ఒక్కటీ దాటలేదు. దాని పేరు కొట్టేశాం.